గుండె వైపుకి తోమాలి

కాన్పుకి ముందు నా రెండు పాదాలూ వాచాయి. అందరికీ వాస్తాయన్నారు. కాన్పయ్యాక కుడిది తగ్గింది, ఎడమది తగ్గలేదు. పాప ఇష్రత్ బోర్లా పడింది, పాకింది, గోడ పట్టుకుని లేవడం కూడా మొదలుపెట్టింది. నా ఎడమ కాలు మాత్రం పురిటి మంచం మీద ఎలా ఉందో అలాగే ఉంది. సాయంత్రమయ్యేసరికి పట్టీ చీలమండలోకి దిగబడేది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట, నేను పాప ముక్కు తుడిచి మళ్ళీ చూసేదాకా పూడేది కాదు.

ఎవరికీ చూపించలేదు. పట్టీలు తీసి బీరువాలో పెట్టాను. సల్వార్ కాస్త కిందికి దించి కట్టుకున్నాను. మా అత్తమ్మ దిల్షాద్ బేగం కళ్ళు మాత్రం అన్నీ చూస్తాయి.

"పట్టీలేవే?"

"పాప పట్టుకుని లాగుతోంది అత్తమ్మా."

"లాగనీ. పిల్ల లాగితే తెగేవా అవి. మా అన్నయ్య పెట్టినవి."

అంతటితో ఊరుకుంది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఆ వాపు ఎటు పోతుందో నాకు తెలుసు. మా అమ్మీది బోదకాలు.

మాది బందరు అవతల, కాలవ గట్టు మీద ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మీ కాలు మోకాలి దాకా రోకలిలా అయిపోయింది. వేళ్ళ మధ్య తోలు మడతలు పడి, ఆ మడతల్లోంచి నీరు కారేది. ఈగలు ముసిరేవి. ఎవరైనా ఇంటికొస్తే కాలు మంచం కిందికి పెట్టుకుని దుప్పటి అంచు జారవిడిచేది. అమావాస్య దగ్గర పడుతుంటే జ్వరం వచ్చేది. రెండు దుప్పట్లు కప్పినా ఆ వణుకుకి మంచం కోళ్ళు నేల మీద టకటకలాడేవి. ఆ కాలు కడగడానికీ వంటకీ మనిషి కావాలని తొమ్మిదో తరగతి సగంలో నన్ను బడి మాన్పించారు. కడుగుతుంటే అమ్మీ ఒకటే మాట అనేది. "నువ్వు పుట్టాక పాదం వాచిందే గుల్షన్. బాలింతరాలికి మామూలే అన్నారు. తగ్గుతుందిలే అనుకున్నాను."

అలాంటి జ్వరంలోనే ఒకసారి పోయింది. విజయవాడ నుంచి నాకు సంబంధం వచ్చినప్పుడు మా అబ్బా అబ్దుల్ రవూఫ్ "జ్వరంతో పోయిందండీ" అని మాత్రం చెప్పాడు. ఏం జ్వరమని వాళ్ళు అడగలేదు. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మా ఆయన నవాజ్‌కి కూడా.

అమ్మీకి నేను పుట్టాక వచ్చింది. నాకు ఇష్రత్ పుట్టాక వచ్చింది. అయితే ఇది పాలల్లో దిగుతుందేమో, అమ్మీ పాలతోనే నాకొచ్చిందేమో అని ఒకనాడు తోచింది. తోచిన దగ్గర్నుంచీ అది మనసులోంచి పోలేదు. ఇష్రత్ నోరు తెరిచి మీదికొస్తుంటే, నా చేత్తో నేనే దానికి ఏదో పట్టిస్తున్నట్టు ఒళ్ళు జలదరించేది. ఇవ్వకపోతే ఏడుస్తుంది. ఇస్తే అది నిద్రపోయేది, నేను దాని చిన్న పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని.

మా పక్క పోర్షన్‌లో కీర్తన ఉంటుంది. బ్యూటీ పార్లర్‌లో పని నేర్చుకుంటోంది. మధ్యాహ్నం పూట ఫోను పట్టుకుని మా గడప మీద కూర్చోవడం అలవాటు.

"గుల్షనక్కా, ఇది చూడు. ఒళ్ళు మెరవడానికంట. మా మేడమ్ ఒక్కో సిట్టింగ్‌కి ఎంత తీసుకుంటుందో తెలుసా? ఇంట్లో చేసుకుంటే బ్రష్ ఖర్చే."

వీడియోలో ఒకావిడ పొడి కాలి మీద పొడి బ్రష్‌తో తోముకుంటోంది. స్నానానికి ముందు చేయాలంట. నూనె వద్దంట, నీళ్ళు వద్దంట. అరికాలి నుంచి మొదలుపెట్టి ఎప్పుడూ గుండె వైపుకే తోమాలంట. ఒంట్లో నిలవపడిన నీరు, చెత్త అంతా లింఫ్‌లో కదిలి బయటికి పోతుందంట.

ఆ మాట దగ్గర నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. బందరు డాక్టరు అమ్మీ కాలు చూసి అన్నది ఆ మాటే. లింఫ్ గొట్టాలు మూసుకుపోయాయమ్మా, నీరు పైకి ఎక్కట్లేదు అన్నాడు.

"మళ్ళీ పెట్టు" అన్నాను.

"అబ్బో, అక్కకి గ్లో కావాలి. నవాజ్ అన్నకి చెప్పాలి."

"చెప్పు. బ్రష్ తెచ్చేది ఆయనేగా."

ఆ మాట అని నేనూ నవ్వాను. నా కాలు మాత్రం చాప కిందికి లాక్కున్నాను.

నవాజ్ వన్‌టౌన్‌లో చీపుర్లు, బ్రష్‌ల హోల్‌సేల్ షాపులో పని చేస్తాడు. పంజా సెంటర్ దగ్గర సందులో గోడౌన్. గోడలకి సున్నం వేసే కుంచెల నుంచి సీసాలు కడిగే బ్రష్‌ల దాకా అన్నీ ఉంటాయి. ఆయన్ని అడిగితే అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"ఒంటికి బ్రష్షా? ఒంటికి సబ్బు చాలదా?"

"చర్మానికి మంచిదంటండీ. కీర్తన చూపించింది. మెత్తటిది తెండి."

"మెత్తటిదంటే మాటలా. మెత్తటివి సగం పంది వెంట్రుకలవే. పెయింట్ బ్రష్‌లు మోసి చేతులు కడుక్కోకుండా నేను నమాజుకి నిలబడను. నువ్వు ఒంటికి రాసుకుంటానంటావ్."

"అన్నీ అవేనా?"

"ఏది మేకదో ఏది పందిదో డబ్బా మీద రాసి చావరు. అడిగితే సేఠ్ నవ్వుతాడు. ఉండు, నేను చూస్తాలే."

రెండు రోజులు చూశాడు. ఏది పట్టుకున్నా అనుమానమేనంట. చివరికి పాత కాగితంలో చుట్టి ఒకటి తెచ్చాడు. కొయ్య వీపు, ఎర్రటి పీచు.

"తాటినార. కల్తీ లేదు. పంది లేదు, ప్లాస్టిక్ లేదు. మన చెట్టుది" అన్నాడు, బంగారం తెచ్చినట్టు.

అరచేతికి రాసుకుని చూస్తే గుచ్చుకుంది. అంతమాత్రం గట్టిగా ఉంటేనే నీరు కదులుతుందేమో అనుకున్నాను.

రోజూ పొద్దున పాప నిద్రపోతున్నప్పుడు బాత్రూంలో గడియ పెట్టుకునేదాన్ని. పాదం స్టూలు మీద పెట్టి, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, మడమ మీదుగా, పిక్క మీదుగా, మోకాలి దాకా, అక్కడి నుంచి తొడ దాకా. వెనక్కి తేకూడదు. బ్రష్ ఎత్తి మళ్ళీ కింద నుంచి. గుండె వైపుకి, గుండె వైపుకి అని లోపల అనుకునేదాన్ని. బండలు తోమినట్టు బరబరా చప్పుడయ్యేది.

"లోపల ఏం తోముతున్నావే అంతసేపు?" అత్తమ్మ తలుపు బయటి నుంచి.

"బాత్రూం అత్తమ్మా."

మర్నాడు ఆవిడ లోపలికెళ్ళి వచ్చి, "రోజూ తోముతున్నావ్, పాచి పాచిలాగే ఉంది. ఏం తోముతున్నావో ఏమో" అంది.

పొద్దున్న లేచేసరికి కాలు కొంచెం సన్నబడినట్టు ఉండేది. రాత్రంతా పడుకుంటే ఎవరికైనా వాపు కొంత దిగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. బ్రష్ వల్లే అనుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ వాస్తే, చాల్లేదు, రేపు ఇంకొంచెం గట్టిగా అనుకున్నాను. పిక్క మీద చర్మం ఎర్రబడింది. సన్నసన్నగా గీతలు పడ్డాయి, పిల్లి గీరినట్టు. ఒక చోట నీరులాంటిది చెమ్మగిల్లి సల్వార్‌కి అంటుకుంది. పసుపు అద్దాను. మానలేదు. ఒక్కరోజు మానితే ఆ నీరు తిరిగి వచ్చేస్తుందని భయం.

గురువారం మధ్యాహ్నం బట్టలు ఆరేసి లోపలికి వస్తుంటే ఎండలోనే చలి పుట్టింది. ముందు భుజాలు, తర్వాత దవడ. పళ్ళు కొట్టుకుంటున్నాయి. గజ్జల్లో బిళ్ళ కట్టింది. గది తలుపు చేరవేసుకుని సల్వార్ పైకి లాగి చూశాను.

కాలు ఎర్రగా, వేడిగా, నిగనిగలాడుతోంది. పిక్క మీద గీతల దగ్గర మొదలై ఒక ఎర్రటి చార మోకాలు దాటి తొడ లోపలి వైపుగా పైకి వెళ్తోంది. నేను రోజూ బ్రష్ నడిపిన దారి అదే. నేను చూపించిన దారి పట్టుకునే అది గుండె వైపుకి వస్తోంది.

ఎంతసేపు అలా చూస్తూ ఉన్నానో తెలియదు. మంచం వణుకుతోంది. మంచం కోళ్ళు నేలకి కొట్టుకుంటున్న చప్పుడు విని అమ్మీ అనుకున్నాను. ఆ మంచం మీద ఉన్నది నేనే.

పాప ఏడుపు విని అత్తమ్మ దాన్ని ఎత్తుకుని లోపలికి వచ్చింది. నేను దుప్పటి లాక్కునేలోపు ఆవిడ చూసేసింది. దగ్గరకొచ్చి ఒంగి చూసింది. ముట్టుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచే?"

"కాన్పు నుంచి."

"మీ అమ్మకి ఉందా ఇది?"

తల ఊపాను.

ఆవిడ పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "మీ నాన్న జ్వరమన్నాడు. ఏం జ్వరమో అనలేదు. పెద్దమనిషి."

ఇష్రత్ నన్ను చూసి చేతులు చాపింది. నేనూ చాపాను. అత్తమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దు. ఇంక నీ పాలు వద్దు దీనికి."

నేను ఇన్నాళ్ళూ లోపల అనుకున్న మాట బయట ఇంకొకరి నోట్లోంచి వినేసరికి అది నిజమైపోయినట్టనిపించింది. చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాను.

ఆవిడ కీర్తనని పంపించి పాల డబ్బా, సీసా తెప్పించింది. పక్క గదిలో పాపని ఒళ్ళో వేసుకుని పట్టించబోయింది. ఇష్రత్ ఎన్నడూ సీసా ఎరగదు. నాలికతో తోసేసింది. ఏడ్చింది. పొలమారింది. మళ్ళీ ఏడ్చింది. గోడ ఇవతల నాకు కమీజు తడిసిపోతోంది. రొమ్ముల మీద దిండు పెట్టి అదుముకున్నాను, లోపలున్నది బయటికి రాకూడదని.

"తాగవే నా తల్లీ, తాగు. నా బంగారం కదూ" అంటోంది అత్తమ్మ. కాసేపటికి ఆవిడ గొంతు కూడా ఏడుపులోకి దిగింది.

నవాజ్ వచ్చేసరికి నాకు మాట తడబడుతోంది. దుప్పటి తీసి చూసి అక్కడే చతికిలబడ్డాడు. బ్రష్ సంగతి చెప్పాను. బందరు సంగతి చెప్పాను. రెండూ కలిపే చెప్పాను.

"చర్మానికి మంచిదన్నావ్ కదే" అన్నాడు.

"నిజం చెప్తే ఉంచుకుంటారో లేదో అని."

ఆయన "ఆటో తెస్తాను" అని లేచాడు. నా మాటకి జవాబు చెప్పలేదన్నది నేను ఆటోలో దారంతా తలుచుకుంటూనే ఉన్నాను. భవానీపురంలో మా ఇంటి నుంచి ఆసుపత్రి దాకా ప్రతి గతుకుకీ ఆ చార ఇంకొంచెం పైకి జరిగినట్టే ఉంది. అత్తమ్మ పాపతో నా ఎదురుగా కాకుండా ముందు, డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుంది. పాప ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది.

డాక్టర్ బ్లెస్సీ గారు నాకంటే పెద్ద వయసేం కాదు. కాలు రెండు చేతులతో పట్టుకుని, వెలుతురులోకి తిప్పి చూశారు. ఇన్నాళ్ళలో ఆ కాలిని ఇంకొకరు ముట్టుకోవడం అదే.

"ఈ గీతలేంటమ్మా? ఎవరు గీరారు?"

నవాజ్ ముందుకొచ్చాడు. "బ్రష్ అండీ. నేనే తెచ్చానండీ. మెత్తటివాటిలో పంది వెంట్రుకలుంటాయని తాటినారది తెచ్చానండీ."

ఆవిడ తల ఎత్తి ఆయన్ని చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"పట్టుకుచ్చుది తెచ్చినా ఈ కాలికి వద్దనే చెప్పేదాన్నండీ. ఇందులో నీరు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చిన్న గీత పడ్డా చాలు, క్రిమి లోపలికెళ్ళి కూర్చుంటుంది. ఈ తోలే ఆమెకి కాపలా. దానికి మీరు రోజూ కన్నాలు పెడుతున్నారు."

"వీడియోలో లింఫ్ కదులుతుందన్నారండీ" అన్నాను.

"చేత్తో, పసిపిల్లకి నూనె రాసేటంత మెల్లగా నిమరడం మేమూ నేర్పుతాం. అది వేరు. ఇప్పుడు మాత్రం ఏదీ వద్దు. సెలైన్ పెడతాం, ఇంజెక్షన్లు వేస్తాం. జ్వరం దిగుతుంది. చార కూడా దిగుతుంది."

"గుండెకి వెళ్తుందాండీ?"

"సమయానికి వచ్చారు. వెళ్ళనివ్వం."

వాపు ఎందుకొచ్చిందో చూడాలని వేలు గుచ్చి ఒక చుక్క రక్తం చిన్న పరీక్ష పట్టీ మీద వేశారు. అమ్మీ సంగతి అడిగారు, చెప్పాను. గీత పడితే బోదకాలు ఉన్నట్టు, పడకపోతే లేనట్టు అని చెప్పి, వేరే మంచం దగ్గరికెళ్ళారు. నవాజ్ ఆ పట్టీని కదలకుండా చూస్తున్నాడు. అత్తమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. పాప ఏడుపు ఆపేసింది. ఏడ్చే ఓపిక అయిపోయి ఆపింది.

గీత పడింది.

డాక్టరుగారు తిరిగొచ్చి చూసి, మంచం అంచున కూర్చున్నారు. "ఉందమ్మా. భయపడకు అని చెప్పను, నువ్వు ఎలాగూ భయపడతావు. మందులున్నాయి. ఈ జ్వరం తగ్గాక మొదలుపెడదాం. రోజూ సబ్బుతో మెల్లగా కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా అద్దుకోవాలి. కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. ఎక్కడ గీరుకున్నా వెంటనే రావాలి. మీ అమ్మగారి కాలు దాకా వెళ్ళాలని రాసిపెట్టి లేదు."

"కాలు కాదండీ" అన్నాను. "పాలు."

"పాలేంటి?"

"నా పాలతో పాపకి పోయి ఉంటుంది కదండీ. మా అమ్మీ నుంచి నాకొచ్చినట్టు."

ఆవిడ నన్నూ, గుమ్మంలో ఉన్న అత్తమ్మనీ, ఆవిడ చేతిలోని సీసానీ చూశారు. "పాలతో రాదు. కడుపులోంచి రాదు. దోమతో వస్తుంది. మీ అమ్మగారినీ నిన్నూ కుట్టినవి ఒకే కాలవ దోమలు, అంతే. ఇంట్లో దోమతెర ఉందా?"

"ఉందండీ. పాపకి వేస్తాను."

"నువ్వు?"

"నేను బయట పడుకుంటానండీ. నా కాలు దానికి తగలకూడదని."

"నిన్ను కుట్టిన దోమే ఇంకొకరికి మోస్తుంది. తెరలో ముందు ఉండాల్సింది నువ్వు. ఇద్దరూ ఒకే తెరలో పడుకోండి."

ఇన్ని నెలలు నేను చేసిందంతా తలకిందులు. నమ్మాలో వద్దో తెలియలేదు. నాకంటే ముందు అత్తమ్మే అడిగింది.

"డాక్టరమ్మా, తప్పనుకోవద్దు. మీ పిల్లయితే ఇస్తారా మీరు?"

"నేనయితే ఈపాటికి ఇచ్చేసేదాన్ని పెద్దమ్మా. ఇందాకటి నుంచి దాని పెదాలు చూస్తున్నాను, ఎండిపోయాయి. నేను ఎక్కించే మందు కూడా పాలిచ్చేవాళ్ళకి ఇచ్చేదే." ఆవిడ లేచి ఇంకో మంచం వైపు వెళ్ళిపోయారు.

అత్తమ్మ ఉన్నచోటే ఉంది. సీసాలో పాలు చల్లారి పైన మీగడలాంటిది కట్టింది.

"ఇలా ఇవ్వండి అత్తమ్మా" అన్నాను.

"నీకు నమ్మకముందా ఆవిడ మాట మీద?"

"ఏమో అత్తమ్మా. దానికి ఆకలేస్తోంది."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. దగ్గరకొచ్చి పాపని నా ఒళ్ళో పెట్టింది. సెలైన్ ఉన్న చెయ్యి కదలకుండా పాప తల కింద దిండు సర్దింది. "నువ్వు బయటికి పో" అంది నవాజ్‌తో. ఆయన కదల్లేదు. నా ఎడమ కాలి కింద దుప్పటి మడిచి ఎత్తుగా పెట్టి అప్పుడు వెళ్ళాడు. అత్తమ్మ వార్డు వైపుకి వీపు తిప్పి, తన చున్నీ రెండు చేతులతో విప్పి నాకు అడ్డంగా పట్టుకుంది.

ఇష్రత్ ముందు తల అటూ ఇటూ తిప్పింది. దొరికాక ఆగలేదు. దాని పాదాలు చూడకూడదనుకుంటూనే చూశాను. మళ్ళీ చూశాను.

"తాగుతోందా?" చున్నీ అవతల నుంచి అత్తమ్మ అడిగింది.

"తాగుతోంది."

"చేతులు లాగుతున్నాయి నాకు. కానీ పర్లేదు, తాగనీ."

ఒక వైపు అయిపోయింది. పాప నోరు విడిచి, ఇంకా కావాలని మూలిగింది. వణుకు ఇంకా పూర్తిగా తగ్గలేదు నాకు. దాన్ని రెండో వైపుకి మార్చుకున్నాను.